మూల చిరిగిన మూట

"ఆరేళ్ళుగా మీరు వైద్యం చేసింది మా పిల్లకు కాదు డాక్టర్ గారూ, మేనరికానికి! ఆ పిల్ల ముఖం మీరు ఒక్కనాడన్నా సరిగ్గా చూసినారా?"

ఇందు ఆ పిల్ల ఫైలును బల్ల మీదికి విసిరింది. అది జారి, అంచున ఉన్న స్టెతస్కోపును కూడా ఈడ్చుకొని నేల మీద పడింది. గదిలో ఎవరూ వంగి తియ్యలేదు. డాక్టర్ గోపాలస్వామి కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు, అంతే.

సంగతి ఇక్కడిదాకా ఎట్లా వచ్చిందో నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

శ్రుతికి తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే చెవులు సరిగా వినపడవు. మూడో ఏట నుంచి ఫిట్స్. తల్లి మాధవి, ఇందు తోడబుట్టిన అక్క. తండ్రి మునస్వామి ఆ అక్కచెల్లెళ్ళిద్దరికీ సొంత మేనమామ. అక్క కూతుర్నే చేసుకున్నాడు. పెద్దపంజాణి పక్కనున్న వాళ్ళ పల్లె నుంచి పిల్లను ఎత్తుకుని ఏ ఆసుపత్రికి పోయినా, జబ్బేమిటని అడగకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: మేనరికమా? అవునంటే చాలు. డాక్టరు తల పంకిస్తాడు, కాగితం మీద ఒక ముక్క గీకుతాడు, ఆ ముక్క దగ్గరే ఆయన ఆలోచన ఆగిపోతుంది. మదనపల్లె బైపాసు పక్కనున్న ఈ నర్సింగ్ హోంలో ఆరేళ్ళ కిందట అదే జరిగింది. ముక్క రాసింది కాగితం మీదే. పోయి కూర్చున్నది మాత్రం మాధవి నెత్తిన. ఆరేళ్ళుగా ఆ మనిషి తలెత్తి పెళ్ళికి పోలేదు, పేరంటానికి పోలేదు.

ఇందు కుప్పంలో ఒక పరిశోధనశాలలో ప్రోటీన్లతో కుస్తీ పడుతోంది. రెండు నెలల కిందట శ్రుతి రక్తాన్ని బెంగళూరుకు పంపించి జన్యు పరీక్ష చేయించింది ఆమే. గాటా-3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారిందని జవాబు వచ్చింది. ఆ జన్యువు చేసే ప్రోటీనులో జింకును పట్టుకునే చిన్న తునక ఒకటుంది. సరిగ్గా ఆ పట్టు దగ్గరే దెబ్బ. ఇందు ఆ తునకను, ఆ దెబ్బతో సహా, కుప్పంలో తయారుచేసి, అవసరమైన దానికి పదింతల జింకు పోసి చూసింది. మిషను తెర మీద గీత లేవలేదు. గట్టిగా ముడుచుకోవాల్సిన ప్రోటీను తెగిన దారంలా పడే ఉంది. ఆమె బొటనవేలు బిగుసుకుపోయింది. రోజంతా చుక్కలు కొలిచే పిపెట్టు నొక్కితే ఎవరికైనా అట్లాగే ఉంటుందిలే అనుకొని చెయ్యి విదిలించుకుంటూ ఉండగా ఫోను మోగింది. అలవాటుగా ఎడమ చెవికే పెట్టుకుంది. "ఫిట్స్ మూడు మార్లు వచ్చినాది చెల్లీ ఈ పొద్దు. మందు డోసు ఇంకా పెంచుతారంట," అని, శ్రుతిని చేర్చిన ఇదే నర్సింగ్ హోం నుంచి మాధవి ఏడుపు. పోయిన వారం మనం అక్కడ ఆగాం.

మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకే ఇందు బయల్దేరింది. తిన్నగా మదనపల్లెకు రాలేదు. దారిలో పుంగనూరులో దిగి, ఒక మనిషిని, ఒక పాత రిజిస్టరును వెంటబెట్టుకొని వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు తలుపు దగ్గర, రిజిస్టరును చంకలో అదుముకొని నిలబడి ఉన్నాడు. పేరు లాల్ అహ్మద్. పుంగనూరు బజారులో ముప్పై ఏళ్ళుగా రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్నాడు. ఎందుకు వచ్చాడో ఆయనను ఇంకా ఎవరూ అడగలేదు.

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"చూడమ్మా. నువ్వు చదువుకున్నదానివి, కాదనను. ప్రోటీన్లు చదివావు. నేను మనుషుల్ని చదివాను. ఈ చుట్టుపక్కల చెవిటి పిల్లలు, ఫిట్స్ పిల్లలు వందలమందిని చూశాను. నూటికి డెబ్బై మేనరికమే. మీది మేనరికమా కాదా? అది చెప్పు ముందు."

"అవును, మేనరికమే. అయితే?"

"అయితే ఏముంది? అక్కడే ఉంది జవాబు."

"జవాబు బెంగళూరు కాగితం రెండో పేజీలో ఉండాది. మీరు మొదటి పేజీ చూసి మడిచిపెట్టినారు." ఇందు తన సంచిలోంచి ఇంకో ప్రతి తీసి ఆయన ముందు పరిచింది. "ప్రతి జన్యువుకూ మనిషిలో రెండు ప్రతులు ఉంటాయి. అమ్మది ఒకటి, నాయనది ఒకటి. మేనరికంలో వచ్చే జబ్బులకు మామూలుగా రెండు ప్రతులూ చెడాలి. రెండు పక్కల నుంచీ అదే తప్పు వచ్చి కలవాలి. శ్రుతికి ఒక్కటే చెడింది. రెండోది బాగుండాది. ఈ జబ్బుకు ఒక్కటి చెడితే చాలు. మా మామ కాశ్మీరు నుంచి పిల్లను తెచ్చుకొని చేసుకున్నా ఇది రావాల్సిందంటే వచ్చేదే!"

గోడవారగా కుర్చీలో కూర్చున్న మునస్వామి చెయ్యి చెవి వెనక పెట్టుకొని ముందుకు వంగాడు. నలభై ఏళ్ళవాడు. కుప్పం గ్రానైటు క్వారీలో పదేళ్ళు డ్రిల్లు పట్టి, ఇప్పుడు పుంగనూరు దగ్గర పాల డెయిరీలో నెల జీతానికి వ్యాను నడుపుతున్నాడు. చెవులు క్వారీ పేలుళ్ళకు పోయాయని ఇంటిల్లిపాదీ చెప్పుకునే మాట. పక్కన నేల మీద, గోడకు ఆనుకొని, అతని తల్లి రామలక్ష్మమ్మ. మాధవికి, ఇందుకు అమ్మమ్మ. ఆమె లోపలికి వచ్చినప్పటి నుంచి నోరు తెరవలేదు.

"కాశ్మీరంటుండాది, ఏంది?" అన్నాడు మునస్వామి గట్టిగా.

"ఏం లేదులే మామా. నీకు శ్రమ తప్పిందంటాండాను."

"ఆ జింకు మాత్రలు ఇస్తానే ఉండానమ్మే, నువ్వు ఫోన్లో జింకు అంటివే, ఆ పొద్దు నుంచి. పొద్దునొకటి, మాపునొకటి." మునస్వామి జేబులోంచి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తీసి చూపించాడు. "సెనక్కాయ చేను పసుపు తిరిగితే జింకు సల్లుతామే, పది దినాల్లో పచ్చబడతాది. పిల్లకు యాల నయం కాలేదు?"

డాక్టరు పెదవి మీద చిన్న నవ్వు కదిలింది. ఇందు అది కనిపెట్టింది. ఆ నవ్వు మామకు కనపడకముందే ఆమె లేచి, రామలక్ష్మమ్మ భుజం మీది తువ్వాలు తీసుకుంది.

"తప్పు నాదే మామా. ఫోన్లో సగం చెప్పి పెట్టేసినాను. ఇటు సూడు." తువ్వాలును బల్ల మీద పరిచి, మధ్యలో మాత్రల అట్ట పెట్టి, నాలుగు మూలలూ ఎత్తి ఒక్కచోట బిగించి ముడివేసింది. "ఏంది ఇది?"

"మూట."

"నాలుగు మూలలూ ముడి దగ్గర కలిసినాయి కాబట్టి మూట. ముడి విప్పితే?"

"ఉత్త గుడ్డ."

"ఆ ప్రోటీనులో తునక కూడా ఇంతే. చిన్న గుడ్డ పీలిక. సొంతంగా నిలబడే బలం దానికి లేదు. దాని నాలుగు మూలలూ వచ్చి ఒక జింకు అణువును పట్టుకుంటాయి. ముడంటే ఆ జింకే. ముడి పడితేనే దానికి ఒక రూపం. ఆ రూపం ఉంటేనే అది పోయి డీఎన్‌ఏ మీద సరైన చోట కూర్చుని, ఈడ చెవి కట్టు, ఈడ మెడలో గ్రంథులు కట్టు, ఈడ మూత్రపిండం కట్టు అని పని చెప్పగలదు. శ్రుతికి ఏమైందంటే..." ఇందు ముడి విప్పింది. ఒక మూలను పిడికిట్లో మూసేసి, మిగిలిన మూడింటిని ముడివేసి ఎత్తింది. మాత్రల అట్ట పక్కనుంచి జారి టప్పున బల్ల మీద పడింది. "ఒక మూల లేదు. చిరిగిపోయినాది. నువ్వు ఎన్ని ముడులు తెచ్చిచ్చినా ఏం లాభం? కుప్పంలో పదింతలు పోసి చూసినా. చేనికి తక్కువైంది జింకు. మన పిల్లకు తక్కువైంది జింకు కాదు మామా, దాన్ని పట్టుకునే మూల."

మునస్వామి తువ్వాలును చేతిలోకి తీసుకొని ఆ మూడు మూలల ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మాత్రల అట్టను మళ్ళీ జేబులో పెట్టుకోలేదు.

"బాగానే చెప్పావు," అన్నాడు డాక్టరు. ఈసారి ఎగతాళి లేదు గొంతులో. "కానీ చిరిగిన మూలను నువ్వూ కుట్టలేవు, నేనూ కుట్టలేను. మరి నన్ను నిలదీసి ఏం ప్రయోజనం? ఫిట్స్ మందు తప్ప ఇంకేముంది నా చేతిలో?"

"ఉండాది! అదే చెప్పడానికి వచ్చినా. మెడలో థైరాయిడ్ వెనక కందిబేడంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాసేది అవే. వాటిని కట్టమని చెప్పాల్సిన ప్రోటీను సగమే పని చేస్తాంది. కాబట్టి శ్రుతికి అవి సరిగా లేవు. కాల్షియం అడుగంటింది. ఆ పిల్లకు వచ్చేది మీరనుకునే ఫిట్స్ కాదు, కాల్షియం లేక వచ్చే ఫిట్స్. మీరు ఇచ్చే మందు ఒంట్లో ఉన్న కాస్త డి విటమిన్‌ను కూడా కరిగించేస్తాది. డోసు పెంచే కొద్దీ కాల్షియం ఇంకా పడతాది. మీరు నిప్పు ఆర్పడం లేదు, కట్టెలు వేస్తాండారు."

"కాల్షియమా?" డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మూడేళ్ళ కిందటే చూశాం. నేనే రాయించాను. ఏదో పిచ్చి అంకె వచ్చింది. ఐదో, ఆరో. తొమ్మిది, పది ఉండాలి. అంత తక్కువైతే మనిషి బతికి నడిచి రాడు. ట్యూబు పొరపాటది. చేసిన ల్యాబువాడే కొట్టేశాడు."

తలుపు దగ్గర లాల్ అహ్మద్ దగ్గాడు.

"ఆ ల్యాబువాణ్ణి నేనే సార్."

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. లాల్ అహ్మద్ ముందుకొచ్చి రిజిస్టరును బల్ల మీద పెట్టి, దారం కట్టి గుర్తు పెట్టుకున్న పేజీని తెరిచాడు. శ్రుతి పేరు. ఎదురుగా అంకెలు. కాల్షియం దగ్గర 5.9. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత. పక్కన ఆయన చేతిరాతే: ఊదా మూత కలిసింది, మళ్ళీ తీయాలి.

"అబద్ధం చెప్పను సార్, అల్లా చూస్తుండాడు. ఆ నెలలో నా దగ్గర ఒక తప్పు జరిగింది. చిన్నపిల్లలకు నరం దొరకదు కదా. రక్తం కొంచెమే వస్తే, ఎర్ర మూత ట్యూబులో చాలకపోతే, నా దగ్గర పని చేసే ఆమె ఊదా మూత ట్యూబులోది కొంచెం దాంట్లోకి ఒంపేసేది. రెండు రిపోర్టులు అట్ల తప్పు పోయినాయి. మీరు ఫోన్ చేసి నన్ను నోటికొచ్చినట్టు తిట్టినారు, గుర్తుందా? మూడోది ఈ పాప రిపోర్టు. మీరు ఏమన్నారు? 'లాల్ అహ్మద్, మళ్ళీ ఊదా మూత కలిపావు, కొట్టెయ్యి' అన్నారు. నేను కొట్టేసినా. భయం సార్. బజారులో పేరు పోతాదని భయం. వీళ్ళు మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు."

"సరే, అయితే ట్యూబు పొరపాటే కదా. నీ నోటితోనే చెప్పావు," అన్నాడు డాక్టరు.

"కాదు సార్. పొద్దున ఈ బేటీ వచ్చి ఒక్క మాట అడిగింది. సిగ్గుతో సచ్చిపోయినా."

ఇందు ఆ పేజీలో వేలు పెట్టింది. ఎర్రగీత మీద కాదు, దాని కింది వరస మీద.

"ఊదా మూత ట్యూబులో ఉండే మందు పేరు ఈడీటీఏ. దాంతో నాకు నాలుగేళ్ళ సావాసం. కుప్పంలో ప్రోటీను నోట్లోంచి జింకును లాక్కోవాలంటే నేను పోసేది అదే. జింకును లాగినట్టే కాల్షియాన్నీ లాగేస్తాది. కాబట్టి అది కలిస్తే కాల్షియం తక్కువ చూపిస్తాది. మీరన్నది నిజమే. కానీ ఊదా మూతలో పోసేది ఉత్త ఈడీటీఏ కాదు డాక్టర్ గారూ, పొటాషియంతో కలిసిన ఉప్పు. అది కలిస్తే పొటాషియం ఆకాశానికి ఎగరాలి. పది, పదిహేను, మిషను చూపించలేనంత. మీ కళ్ళతో మీరే చదవండి. పొటాషియం ఎంత?"

డాక్టరు వంగి చూశాడు. చూసి, రిజిస్టరును దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాడు.

"గట్టిగా చదవండి. మా మామకు వినపడదు."

"నాలుగు పాయింట్ మూడు."

"అంటే?"

డాక్టరు ఆ వరస మీద వేలు పెట్టి, పై వరసలోని ఎర్రగీత దాకా జరిపాడు.

"అంటే మామూలే," అన్నాడు డాక్టరు. "ఏమీ కలవలేదు."

"ఆ ఐదు పాయింట్ తొమ్మిది నిజమే. మూడేళ్ళ కిందట జవాబు మీ చేతిలో ఉండింది. మేనరికం అని ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టి మీకు ఇంకో జవాబు అక్కర్లేకపోయింది. అదే బయటి సంబంధం పిల్ల అయ్యుంటే, మళ్ళీ రక్తం తీయించి ఉండేవాళ్ళు. అవునా, కాదా?"

డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియదు. తర్వాత నెమ్మదిగా, జాగ్రత్తగా మాటలు పేర్చుకుంటూ అన్నాడు: "నువ్వు చెప్పింది కొట్టిపారెయ్యలేను. కానీ ఇది మూడేళ్ళ కిందటి అంకె. ఈ రోజు కాల్షియం ఎంతుందో తెలియకుండా నరంలోకి ఎక్కిస్తే, తేడా వస్తే, గుండె ఆగుతుంది. శాంపిలు పంపిస్తాను. సాయంత్రానికి వస్తుంది. అప్పుడు చూద్దాం."

"సాయంత్రం దాకా ఆ పిల్ల ఉండాలి కదా!" ఇందు కిందపడిన ఫైలు వైపు వేలు చూపించింది. "మీ నర్సులు రాసిన కాగితాలు అందులో ఉండాయి. మూడు చోట్ల రాసినారు. బీపీ చూస్తుండగా కుడి చేతికి ఫిట్ వచ్చింది అని. బీపీ పట్టీ బిగిస్తే వచ్చేది ఫిట్టా డాక్టర్ గారూ? ఏ పుస్తకంలో ఉండాది? అది కాల్షియం తగ్గి చెయ్యి ముడుచుకుపోవడమని వైద్యం చదవనిదాన్ని నేను చెప్పాలా మీకు?"

ముప్పై ఏళ్ళ కిందట చదివినదేదో ఇప్పుడు గుర్తొచ్చినట్టు, డాక్టరు చెయ్యి సొరుగు పిడి మీదికి పోయింది.

ఇంతలో మునస్వామి చెయ్యి ఊపాడు. ఈ మాటల్లో అతనికి వినపడింది బీపీ పట్టీ ఒక్కటే.

"దానికి అంత రచ్చ యాల అమ్మే? బీపీ కట్టితే చెయ్యి పట్టుకుంటాది, వదిలితే పోతాది. నాకూ అట్లే. డ్రైవింగు లైసెన్సుకు మెడికల్ సర్టిఫికెట్ కోసం పోతిని సూడు, అప్పుడూ ఇట్లే కొంకర్లు పోయినాది. డ్రిల్లు పట్టి పట్టి అట్లయిందిలే అని ఆ డాక్టరే చెప్పినాడు."

ఇందు డాక్టరు వైపు చూసింది. డాక్టరు ఆమె వైపు చూశాడు. లోపలికి వచ్చిన తర్వాత వాళ్ళిద్దరూ ఒకే మాట అనుకోవడం అదే మొదలు.

"మునస్వామీ, ఇట్లా రా," అన్నాడు డాక్టరు. సొరుగులోంచి బీపీ పట్టీ తీశాడు.

కట్టాడు. బిగించాడు. గాలి వదలకుండా గడియారం చూస్తూ కూర్చున్నాడు. నిమిషం. ఏమీ కాలేదు. "తిమ్మిరెక్కుతాండాది సామీ," అన్నాడు మునస్వామి నవ్వుతూ. రెండో నిమిషం. మూడో నిమిషం సగంలో అతని మణికట్టు దానంతటదే లోపలికి వంగింది. నాలుగు వేళ్ళూ నిటారుగా బిగుసుకుని దగ్గరికి చేరాయి. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయింది. సంగటి ముద్దను పులుసులో ముంచబోతున్న చెయ్యిలా, కానీ ముద్ద లేకుండా, గాలిలో ఆగిపోయింది. మునస్వామి నవ్వు కూడా అట్లాగే ముఖం మీద ఆగిపోయింది.

"మాయప్పా!"

ఆ కేక రామలక్ష్మమ్మది. ఆమె నేల మీది నుంచి లేచి వచ్చి కొడుకు చేతిని రెండు చేతులా పట్టుకుంది. "ఇదే చెయ్యి. అచ్చం ఇదే. మీ నాయన చెయ్యి."

డాక్టరు గాలి వదిలేశాడు. ఇందు అవ్వను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏ నాయన చెయ్యి అవ్వా? తాతకు ఏమైంది? పాము కరిచి పోయినాడని కదా చెప్పినావు మాకు?"

"పామూ లేదు, తేలూ లేదు." రామలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకోలేదు. ఎవరి వైపూ చూడకుండా, ఎదుటి గోడకు చెబుతున్నట్టు చెప్పింది. "మీ తాత గురప్పకు పెండ్లినాటికే వినపడదు. తాళి కట్టేటప్పుడు ఎవరో రెండు మార్లు చెప్పినాంక గానీ చెయ్యెత్తలే. క్వారీలు యాడుండాయి అప్పుడు? కొడవలి పట్టుకున్నా చెయ్యి ఇట్లే పోయేది, పార పట్టుకున్నా ఇట్లే పోయేది. ఒక పొద్దు మడిలో పడి కొట్టుకుని కొట్టుకుని ప్రాణం పోయింది. గాలి సోకిందన్నారు ఊళ్ళో. వీడికి అప్పుడు ఐదేండ్లు. వీడికీ వినపడదని నాకు అప్పుడే తెలుసు. పాము అని చెప్పుకున్నా. క్వారీకి పోయినాంక, చెవులు క్వారీలో పోయినాయని చెప్పుకున్నా."

"యాల చెప్పినావమ్మా?" అన్నాడు మునస్వామి. అతనికి ఒక్క మాటా తప్పిపోలేదు. తల్లి పెదవులు చూసి అర్థం చేసుకోవడం అతనికి చిన్నప్పటి నుంచి అలవాటు.

"యాలంటే? మూర్ఛ ఉండే ఇంటికి పిల్లనెవరిస్తార్రా? కలికిరి నుంచి ఒకరొచ్చిరి, కురబలకోట నుంచి ఒకరొచ్చిరి. ఊళ్ళో అడిగి, మళ్ళీ గడప తొక్కలే. ఇంగేం చేసేది? నా కూతురు కాళ్ళు పట్టుకున్నా. నీ పెద్దపిల్లను నా కొడుక్కియ్యి, లేకుంటే నా ఇంట్లో దీపం ఉండదు అన్నా. అది కాదనలేక ఇచ్చింది." ఆమె కొంగును ముడివేసి మళ్ళీ విప్పింది. "ఈ డాక్టరు మేనరికం వల్ల అన్నప్పుడల్లా నా మాధవి తల దించుకునేది. నాకు తెలుసు. నేను సూస్తా ఊరుకున్నా."

కుప్పంలో వారాల తరబడి ఇందు ఒక గీత కోసం చూసింది. ఇక్కడ, ఈ ముసలామె నోటి నుంచి మూడు తరాల గీత ఒక్కసారిగా లేచి నిలబడింది. మేనరికం వల్ల జబ్బు రాలేదు. జబ్బును దాచుకోవడానికి మేనరికం వచ్చింది! ఏది ముందో ఏది వెనకో ఆరేళ్ళలో ఒక్క మనిషి అడగలేదు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అడగలేదు, చదువుకున్నానని విర్రవీగిన తనూ అడగలేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. మాధవి. చీర కొంగు తడిసి ఉంది, జుట్టు రేగి ఉంది. ఎప్పటి నుంచి ఆ తలుపు వెనక నిలబడిందో, ఎంత విన్నదో ఆమె ముఖం చెప్పలేదు. ఆమె అవ్వ వైపు ఒక్కసారి చూసింది. చూసి, ఆ లెక్కను తర్వాతకు వాయిదా వేసుకున్నదానిలా ఇందు వైపు తిరిగింది.

"పిల్ల గొంతు కీచుమంటాండాది చెల్లీ. ఊపిరి తీసుకుంటే పిల్లికూత లాగా వస్తాండాది. నోటి పక్క ఎగిరి పడతాండాది."

డాక్టర్ గోపాలస్వామి లేచాడు. లేచి, బల్ల చుట్టూ వచ్చి, వంగి, ఇంతసేపూ ఎవరూ ముట్టని ఆ ఫైలును నేల మీది నుంచి తీశాడు. మొదటి కాగితం పైన, ఆరేళ్ళ కిందట తనే గీకిన ముక్క. దాన్ని చూస్తూ ఒక్క క్షణం ఆగాడు.

ఆ ఒక్క క్షణం కూడా ఇందు ఇవ్వలేదు.

"నిలబడి చదవద్దు డాక్టర్ గారూ, నడుస్తా చదవండి! శాంపిలు తీసిన మరుక్షణం కాల్షియం ఎక్కించాల. అంకె కోసం కాచుకోవద్దు. గుండె మిషను పెట్టి, మెల్లగా, మీరే పక్కన నిలబడి. నర్సుకు చెప్పి వెళ్ళిపోయేది కాదు. ఆ మేనరికం అన్న ముక్కను మీ చేత్తోనే కొట్టెయ్యండి, మా అక్క చూస్తుండగా. భాయ్, నువ్వు రక్తం తియ్యి. ఎర్ర మూతలోకి ముందు, ఊదా మూతలోకి తర్వాత. పొటాషియం కూడా చూసి పక్కన రాయి. ఈసారి దాన్ని ఎవరు కొట్టెయ్యమన్నా కొట్టెయ్యొద్దు."

"నా చెయ్యి నరికినా కొట్టెయ్యను బేటీ," అన్నాడు లాల్ అహ్మద్, అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.

"మామా, నీదీ తీస్తారు. లేచి ఇంటికి పోతానంటే నడవనియ్యను. అక్కా, నీదీ. పెద్దపంజాణి నుంచి అమ్మను పిలిపించండి, తాత కూతురు కదా, ఆమెదీ..."

ఇందు మాట అక్కడ ఆగింది.

తాత కూతురు. ఆ కూతురికి ఇద్దరు కూతుళ్ళు. ఒకరు మాధవి.

రిజిస్టరు మూయబోయిన ఆమె కుడిచేతి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంది. విదిలించింది. రాలేదు. ఇక్కడ పిపెట్టు లేదు, పొద్దున్నుంచి దాన్ని ముట్టనూ లేదు. ఎప్పుడూ ఎడమ చెవికే ఎత్తుకునే ఫోను గుర్తొచ్చింది. కుడి పక్క కూర్చున్నవాళ్ళ మాట సగం వినపడదని హాస్టల్లో ఎగతాళి చేసే స్నేహితులు గుర్తొచ్చారు. నిన్నటిదాకా అవన్నీ వేరు వేరు సంగతులు.

ఆమె బల్ల మీది బీపీ పట్టీని ఎడమచేత్తో తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"ముందు పిల్లకు కాల్షియం. పదండి. అది ఎక్కడం మొదలైన నిమిషానికే, ఈ పట్టీ నాకు కట్టండి. మూడు నిమిషాలు, నేను ఏమన్నా వదలొద్దు. కాగితం మీద మా నాలుగు పేర్లతో పాటు రాసుకోండి, ఐదో పేరు. ఇందు. ఇరవై ఆరేళ్ళు. రాయండి!"